కోరంగి రేవు దాటాక



మారిషస్ ప్రభుత్వం ఏటా ప్రకటించే సెలవుల పట్టికలో ఉగాది ఉంటుంది. అది కోరుకున్నవాళ్లు పెట్టుకునే సెలవు కాదు, దేశమంతటికీ వర్తించే సెలవు. హిందూ మహాసముద్రంలో, ఆఫ్రికాకు తూర్పున ఉన్న ఆ చిన్న ద్వీపంలో జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. పదింట ఎనిమిది మందికి పైగా ఇంట్లో మాట్లాడుకునేది క్రియోల్. ఫ్రెంచి మాటల మీద పెరిగిన భాష అది. తెలుగు సంతతి ఇళ్లలో కూడా పొద్దున లేచింది మొదలు చాలామటుకు వినబడేది అదే. అయినా ఉగాది సెలవును ఎవరూ తీసెయ్యలేదు. నోట భాష నిలవని చోట పండగ ఇంత గట్టిగా ఎలా నిలబడింది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే నూట ఎనభై ఏళ్ల పైచిలుకు వెనక్కి, ఇవాళ కాకినాడ పక్కన మడ అడవుల పేరుతో మాత్రమే గుర్తున్న కోరంగి దాకా వెళ్లాలి.

మారిషస్ 1810లో ఫ్రెంచివారి నుంచి ఆంగ్లేయుల చేతికి వచ్చింది. ద్వీపానికి సంపదంతా చెరకే. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. తోటల యజమానులు కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. అప్పటికే, 1834 నవంబరు 2న, ‘అట్లాస్’ అనే ఓడ 36 మంది కూలీలను పోర్ట్ లూయీ రేవులో దించింది. వాళ్లు బీహారు ప్రాంతం నుంచి వెళ్లినవాళ్లు. ఆ తరువాత ఎనిమిది దశాబ్దాల్లో దాదాపు నాలుగున్నర లక్షల మంది అదే దారిన వెళ్లారు. వాళ్లు ఎక్కిన రేవు మెట్లను ఇవాళ ఆప్రవాసి ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆ రోజుల్లో మన కోస్తా పరిస్థితి బాగాలేదు. 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు ఊడ్చేసింది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును ముంచేసింది. ఐదేళ్ల ఒప్పందం మీద కోరంగి నుంచి, విశాఖపట్నం నుంచి, తరువాతి కాలంలో మద్రాసు నుంచి మనవాళ్లు ఓడ ఎక్కారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి పల్లెల మనుషులే వాళ్లలో ఎక్కువ.

ఓడ ఎక్కేటప్పుడు వాళ్లలో ఒకణ్ణి ‘నువ్వెవరివి’ అని అడిగి ఉంటే ఏం చెప్పి ఉండేవాడు? ఊరు చెప్పేవాడు, కులం చెప్పేవాడు, తండ్రి పేరు చెప్పేవాడు. ‘నేను తెలుగువాణ్ణి’ అని మాత్రం బహుశా చెప్పి ఉండడు. చుట్టూ అందరూ తెలుగే మాట్లాడే పల్లెలో ఆ మాటతో పనేముంది? తెలుగువాడు కావడం అనేది అతనికి ఓడ దిగాక మొదలైంది. తోటలో ఒకపక్క భోజ్‌పురి మాట్లాడే బీహారీలు, ఇంకోపక్క తమిళులు, అటుపైన క్రియోల్ మాట్లాడే ఆఫ్రికా సంతతివారు, పైన ఫ్రెంచి దొరలు. వీళ్లందరి మధ్య నిలబడ్డప్పుడు ఊరి పేరు ఎవరికీ పట్టలేదు, కులం పేరు అర్థం కాలేదు. మిగిలింది భాష. దొరలు భారతీయులందరినీ కలిపి మలబార్లు అన్నారు. తెలుగువాళ్లను ఓడ ఎక్కిన రేవు పేరుతో కోరంగీలు అన్నారు. బర్మాలో కూడా మనవాళ్లకు అదే పేరు. జీవితంలో కోరంగి రేవును ఒక్కసారే, అదీ వెళ్లిపోయేటప్పుడు చూసినవాడు కూడా కోరంగీ అయిపోయాడు.

నార్వే దేశపు మానవశాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్త్ 1969లో ఒక పుస్తకానికి రాసిన ముందుమాటలో ఈ సంగతినే వివరించాడు. ఒక జాతి సమూహాన్ని నిలబెట్టేది దాని లోపలున్న ఆచారాల మూట కాదు, పక్క సమూహానికీ తనకూ మధ్య గీసుకున్న గీత అని ఆయన వాదన. లోపలి ఆచారాలు మారిపోవచ్చు, భాష పోవచ్చు. గీత ఉన్నంతకాలం సమూహం ఉంటుంది. మారిషస్ తెలుగువారి కథ చూస్తే ఈ వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదనిపిస్తుంది.

అక్కడి రెండో తరం తోటల్లోనే పుట్టింది. ఆ పిల్లలు కూలీల ఇళ్ల వరుసల్లో భోజ్‌పురి నేర్చుకున్నారు, బజారులో క్రియోల్ నేర్చుకున్నారు. ఓడ ప్రయాణంలోనే సడలిన కుల కట్టుబాట్లు తోటలో ఇంకా సడలాయి. ఆడవాళ్లు తక్కువగా ఉన్న చోట పెళ్లికి కులం, ఊరు చూసుకునే వీలు ఎంతమందికి ఉంటుంది? ఇంటిపేర్లు పోయాయి. గుమస్తా రాసుకున్న తండ్రి పేరే కుటుంబం పేరైంది. అందుకే ఇవాళ మారిషస్‌లో అప్పడు, సన్యాసి లాంటివి ఇంటిపేర్లుగా కనిపిస్తాయి. ఉత్తరాంధ్ర వాళ్లు వింటే ఎవరో సొంత పెదనాన్న పేరు విన్నట్టే ఉంటుంది. ఆ పేర్లతో పాటు సింహాద్రి అప్పన్న కూడా వెళ్లాడు. అప్పన్న పూజ, అమ్మోరి పండగ, రాత్రివేళ దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజన ఇప్పటికీ అక్కడ తెలుగువారి గుర్తులు. పాడేవాళ్లలో చాలామందికి పాట అర్థం తెలియకపోవచ్చు. ఎక్కడ గొంతు ఎత్తాలో, ఎక్కడ అడుగు మార్చాలో తెలుసు.

మూడో తరం వచ్చేసరికి కథ మలుపు తిరిగింది. 1938లో అమెరికా చరిత్రకారుడు మార్కస్ హాన్సెన్, వలస వచ్చిన కుటుంబాలను చూసి ఒక సిద్ధాంతం చెప్పాడు. కొడుకు తరం మరిచిపోవాలనుకునేదాన్ని మనవడి తరం గుర్తు చేసుకోవాలనుకుంటుందని దాని సారాంశం. మారిషస్‌లోనూ సుమారుగా అలాగే జరిగింది. అయితే మనవళ్లకు హఠాత్తుగా తాత మీద ప్రేమ పుట్టుకొచ్చినందువల్లే అలా జరిగిందంటే పొరపాటే. అసలు కారణం ఓటు.

1947 చివర్లో వచ్చిన రాజ్యాంగం ఓటు హక్కును చదవడం, రాయడం వచ్చినవారికి విస్తరించింది. ఇంగ్లీషు, ఫ్రెంచి మాత్రమే రావాలన్న పట్టింపు లేదు. ద్వీపంలో వాడుకలో ఉన్న భారతీయ భాషల్లో ఏదైనా సరిపోయింది. ఓటర్ల సంఖ్య సుమారు 12 వేల నుంచి 70 వేలు దాటింది. పొలంలో చెరకు నరికే మనిషి తన తాత భాషలో నాలుగు వాక్యాలు చదివి రాయగలిగితే ఓటరయ్యాడు. బసదేవ్ బిసున్‌దయాళ్ వంటివారు ఊరూరా తిరిగి జనానికి అక్షరాలు నేర్పించారు. మారిషస్ ఆంధ్ర మహాసభ ఏర్పడింది కూడా 1947లోనే. వెనుక తరం పేదరికానికి గుర్తుగా వదిలించుకోవాలనుకున్న భాష ఒక్కసారిగా హక్కు తెచ్చిపెట్టే భాష అయింది.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగం ప్రజలను నాలుగు వర్గాలుగా చూసింది: హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు, మిగిలినవారంతా సాధారణ జనాభా. ఎన్నికల తరువాత వర్గాల మధ్య సమతూకం కోసం అదనంగా ఎనిమిది సీట్లు ఇచ్చే పద్ధతి పెట్టారు. ఈ లెక్కలో తమిళులు, తెలుగువారు, మరాఠీలు ‘హిందువులు’ అనే పెద్ద గదిలో పడ్డారు. ఆ గదిలో భోజ్‌పురి సంతతివారిదే మెజారిటీ. మెజారిటీ హిందువుల్లో చిన్న మైనారిటీగా మిగిలినప్పుడు ‘మేం వేరు’ అని చెప్పుకోవలసిన అవసరం ఇంకా పెరిగింది. దాని ఫలితం వింటే మనకు వింతగా ఉంటుంది: మారిషస్ జనాభా లెక్కల్లో మతం అన్న ప్రశ్న దగ్గర వేలమంది ‘తెలుగు’ అని రాయించుకుంటారు. హిందువు అని రాయించుకున్నవారు వేరు, తమిళం అని రాయించుకున్నవారు వేరు, తెలుగు అని రాయించుకున్నవారు వేరు. ఆంధ్రలో, తెలంగాణలో ఎవరికీ తెలుగు మతం కాదు. నాలుగు తరాల తరువాత మారిషస్‌లో అది మతం వరుసలో చేరింది. అక్కడి జనాభా లెక్కల్లో మరో ప్రశ్న కూడా అడిగేవారు: మీ పూర్వీకుల భాష ఏది? ఇంట్లో మాట్లాడే భాష గురించి వేరే ప్రశ్న. రెండింటికీ ఒకే జవాబు రానక్కరలేదని ఆ ప్రభుత్వానికి ముందే తెలుసు.

ఈ వర్గాల పట్టింపు ఎంత లోతైనదో 1998లో బయటపడింది. మారిషస్ కరెన్సీ నోట్ల మీద విలువను ఇంగ్లీషు తరువాత తమిళంలో, ఆ తరువాత హిందీలో రాసే అలవాటు. ఆ ఏడాది వచ్చిన కొత్త నోట్ల మీద హిందీ పైకి వెళ్లి తమిళం కిందకు దిగింది. తమిళులు వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం ఆ నోట్లను వెనక్కి తీసుకుని పాత వరుసలో మళ్లీ అచ్చు వేయించింది. ఆ నిరసనకు దిగినవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది కూడా క్రియోలే. దాన్ని బట్టి వాళ్ల బాధ ఉత్తుత్తిదని తేల్చేయడం అన్యాయం.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త హెర్బర్ట్ గాన్స్ 1979లో ‘ప్రతీకల జాతి గుర్తింపు’ అనే ఆలోచన ముందుకు తెచ్చాడు. మూడో నాలుగో తరం వలస కుటుంబాలకు జాతి గుర్తింపు అంటే పండగ పూట తినే ఒక వంటకం, ఊరేగింపులో పట్టుకునే ఒక జెండా. రోజువారీ జీవితంలో దానికి చెల్లించే మూల్యం పెద్దగా ఉండదని ఆయన అంటాడు. అమెరికాలోని ఐరిష్, ఇటాలియన్ సంతతివారి విషయంలో ఆ మాటలో నిజం ఉంది. మారిషస్‌కు అది అతకదు. అక్కడ తెలుగు గుర్తింపు వెనుక బడిలో తెలుగు టీచరు ఉద్యోగం ఉంది, రేడియోలో టీవీలో కేటాయించిన సమయం ఉంది, 1970లో మొదలైన మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు విభాగం ఉంది, ఎన్నికల్లో టిక్కెట్టు ఉంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. ఇవి ప్రతీకలు మాత్రమే కావు.

ఇక అదే తీరం నుంచి, కొంచెం తరువాత, ఇంకో దిక్కుకు వెళ్లినవాళ్లున్నారు.

మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు లక్షా యాభై రెండు వేల మంది ఒప్పంద కూలీలుగా వెళ్లారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రాజధాని నుంచి వెళ్లినవారే. తమిళుల వెంట విశాఖ, గోదావరి జిల్లాల తెలుగువారు, ఇవాళ్టి చిత్తూరు అప్పట్లో కలిసి ఉన్న ఉత్తర ఆర్కాటు వారు కూడా ఉన్నారు. ఇక్కడ ఇంటిపేరు కథ మరోలా నడిచింది. పేరు చివరి నాయుడు, రెడ్డి కుటుంబం పేర్లుగా స్థిరపడ్డాయి. మనకు కులం చెప్పే మాట డర్బన్‌లో తెలుగు మూలాన్ని చెప్పే మాటగా మారింది.

అక్కడ గీతలు గీసింది రంగు. 1893లో గాంధీ అక్కడికి వెళ్లేనాటికి ముస్లిం వర్తకులు తమను అరబ్బులమని, పారశీ గుమస్తాలు పర్షియన్లమని చెప్పుకుంటున్నారని ఆయన తన ఆత్మకథలో రాశాడు. కూలీ అనే ముద్ర నుంచి తప్పించుకోవడానికి అది వాళ్లు వెతుక్కున్న దారి. కూలీలుగా వెళ్లిన తమిళ, తెలుగువారికి ఆ దారి కూడా లేదు. ఒప్పందం ముగిశాక ఉండిపోదలుచుకుంటే ఏటా మూడు పౌన్లు కట్టాలన్న చట్టం 1895లో వచ్చింది. దాన్ని తొలగించడానికి 1913 నాటి సమ్మె అవసరమైంది. ఆ పోరాటంలోనే గుజరాతీ వర్తకుడు, తమిళ కూలీ, తెలుగు కూలీ మొదటిసారి ఒకే పేరు కింద నిలబడ్డారు. భారతీయులు అన్న గుర్తింపు భారతదేశంలో ఇంకా అంతగా వేళ్లూనక ముందే నటాల్‌లో గట్టిపడింది.

1931లో అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తమిళుల్లో కలిసిపోకుండా ఉండాలన్న తపన దాని వెనుక కనిపిస్తుంది. కానీ 1950లో వర్ణవివక్ష ప్రభుత్వం తెచ్చిన రెండు చట్టాలు, జాతిని బట్టి జనాన్ని నమోదు చేసే చట్టం, జాతిని బట్టి నివాసాలు కేటాయించే చట్టం, అందరినీ ఒకే డబ్బాలో వేశాయి. డర్బన్‌లోని కేటో మేనర్ నుంచి కుటుంబాలను ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కు, తరువాత ఫీనిక్స్‌కు తరలించారు. పక్కింట్లో తమిళులు, ఎదురింట్లో హిందీవారు, ఆ పక్కన తెలుగువారు. పెళ్లిళ్లు కలిశాయి, గుళ్లు కలిశాయి. 1960ల నుంచి ఇళ్లలో ఇంగ్లీషు వేగంగా పెరిగి, ఒక్క తరంలోనే భారతీయ భాషలన్నిటినీ పక్కకు నెట్టింది. తెలుగు కావడమన్నది తగ్గి ఇండియన్ కావడమన్నది పెరిగింది. ఇండియన్ అన్న ఆ పేరుతోనే దెబ్బలు తిన్నారు, ఆ పేరుతోనే సంఘాలు కట్టారు.

అక్కడితోనూ ఆగలేదు. 1970లలో స్టీవ్ బికో నాయకత్వంలో వచ్చిన ఉద్యమం, అణచివేతకు గురైనవారందరినీ ‘నల్లవారు’ అన్న ఒకే పేరుతో పిలిచింది. భారతీయ సంతతి యువకులు చాలామంది ఆ పేరును గర్వంగా తీసుకున్నారు. తాత ఊరి పేరు చెప్పుకున్నాడు, తండ్రి తెలుగువాణ్ణన్నాడు, మనవడు ఇండియన్ అన్నాడు, ముని మనవరాలు తాను నల్లజాతి మనిషినంది. ఆ నలుగురిలో ఒక్కరి మాట కూడా అబద్ధం కాదు. వాళ్లు నిలబడ్డ చోట ఎదురుగా ఎవరున్నారో, చట్టం వాళ్లను ఏమని పిలిచిందో దాన్ని బట్టి జవాబు మారింది. 1996లో వచ్చిన దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో అధికరణంలో, ఆ దేశంలో గౌరవించి ప్రోత్సహించవలసిన భాషల్లో గుజరాతీ, హిందీ, తమిళం, ఉర్దూలతో పాటు తెలుగు పేరు కూడా రాసి ఉంది. అప్పటికే ఇళ్లలో మూగబోతున్న భాషకు అత్యున్నత చట్టంలో చోటు దొరికింది.

మలేసియాలో తోటల కథ వేరు. పేరాక్ రాష్ట్రంలో బగాన్ దాతోక్ చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో తెలుగువారు గుంపుగా ఉండటం వల్ల అక్కడ భాష చాలాకాలం బతికింది. మిగతా చోట్ల పిల్లలు తమిళ బడికి వెళ్లారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పుట్టింది. ఇండియన్ అంటే తమిళుడే అనుకునే దేశంలో తమకంటూ ఒక పేరు కోసం వాళ్లు ఇప్పటికీ పట్టు వదల్లేదు.

బర్మా విషయం చెప్పడం కష్టం. 1931లో రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసేవాళ్లలో కోరంగీలు ఎక్కువ. 1930 మేలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరి పాతవాళ్లు పనిలోకి రాగానే కొత్తవాళ్లను పొమ్మన్నారు. ఆ రగడ నరమేధంగా మారింది, చచ్చిపోయినవాళ్లు ఎక్కువగా తెలుగువారే. 1942లో జపాను సైన్యం వస్తుంటే లక్షలమంది అడవుల గుండా నడిచి వచ్చారు. మిగిలినవారిలో చాలామంది 1960లలో నెవిన్ ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక కట్టుబట్టలతో వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు ఆ చరిత్రకు మిగిలిన పేరు. రంగూన్‌లో కోరంగీలుగా బతికినవాళ్లు సొంత తీరానికి చేరాక ఇక్కడివారి నోట బర్మావాళ్లయ్యారు. అక్కడా పరాయివాళ్లే, ఇక్కడా పరాయివాళ్లే. ఈ రెండో పేరు పెట్టింది మనం.

ఇవాళ అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల గురించి ఇక్కడ చాలా ఆందోళన వినిపిస్తుంది. వాళ్ల పరిస్థితి కూలీలుగా వెళ్లినవారి పరిస్థితి కాదు. చదువుతో, వీసాతో, ఏటా వచ్చిపోయే విమానంతో వెళ్లినవారి పిల్లలు వాళ్లు. అయినా గీతలు అక్కడా ఉన్నాయి. భగత్ సింగ్ థిండ్ కేసులో 1923లో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులు తెల్లవారు కారని, పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1970 జనాభా లెక్కల్లో భారతీయులను తెల్లవారి లెక్కలో కలిపారు. 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అన్న కొత్త వరుస వచ్చింది. మనుషులు మారలేదు, అరవై ఏళ్లలో డబ్బాలు రెండుసార్లు మారాయి. 1977లో మొదలైన తానా వంటి సంఘాలు, వారాంతపు తెలుగు బడులు ఎంత చేసినా, ఆ పిల్లలు రేపు తమను ఏమని పిలుచుకుంటారన్నది అమెరికా వాళ్లను ఏ వరుసలో నిలబెడుతుందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. తెలుగు పద్యం రాకపోయినంత మాత్రాన వాళ్లు మనవాళ్లు కాకుండా పోరు. పద్యం వచ్చినంత మాత్రాన మనలాగే ఉండిపోరు కూడా.

శ్రోతలకు, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి, చిత్తూరు ప్రాంతాల వారికి ఒక విన్నపం. నటాల్ ఓడల జాబితాల్లో ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసి ఉన్నాయి. మారిషస్ రిజిస్టర్లలో కొన్నేళ్ల తరువాతి నుంచి ఫొటోలు కూడా ఉన్నాయి. వాటిని రాసిన గుమస్తాకు తెలుగు రాదు. అందుకే ఊళ్ల పేర్లు గుర్తుపట్టలేనంతగా చెదిరిపోయాయి. ఆ కాగితం నకలు పట్టుకుని డర్బన్ నుంచో, పోర్ట్ లూయీ నుంచో ముని మనవలు మన పల్లెలకు వస్తుంటారు. అలాంటివారు మీ ఊరు వస్తే, తెలుగు వచ్చా అని ముందు పరీక్ష పెట్టకండి. కులం ఆరా తీయకండి. ఆ చెదిరిన పేరును నోటితో నాలుగు రకాలుగా పలికి చూడండి, ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, పాత పేట పేర్లు, మాయమైన శివారు పల్లెల పేర్లు గుర్తు తెచ్చుకోండి. రెవెన్యూ కార్యాలయంలో పాత దస్త్రాలు ఎక్కడుంటాయో వాళ్లకు చూపించండి. నూట అరవై ఏళ్ల కిందట రాసిన ఆ ఊరి పేరు ఏదో తేల్చగలిగినవాళ్లు మీరు తప్ప ఇంకెవరూ లేరు.